వాయురాశిని లెక్కించు విధము

మన యిండ్లలో వస్తువుల పరిమాణమును మూడు విధములుగా తెలిసికొనుచుందుము. పప్పు, బెల్లము మొదలగువానిని తూచుదుము. పాలు, నూనె మొదలగువానిని కొలుతుము. టెంకాయలు, అరటిపండ్లు మొదలగువానిని లెక్కింతుము. వస్తువునుబట్టి పద్ధతి మారును గాని ప్రశ్న యొక్కటియే: ఎంత యున్నది? ఈ ప్రశ్ననే వాయువునుగూర్చి యడిగినచో సమాధానము అంత సులభముగా లభింపదు. వాయువు కంటికి కానరాదు. చిన్న పాత్రలో నుంచినచో ఆ పాత్రనంతయు నిండును. పెద్ద పాత్రలోనికి మార్చినచో దానిని గూడ అంతయు నిండును. కావున అది యాక్రమించిన చోటునుబట్టి అది యెంత యున్నదో చెప్పజాలము. తూచి చూతమన్నను, ఒక లీటరు గాలి బరువు ఇంచుమించు 1.2 గ్రాములు మాత్రమే. అంగడిలోని త్రాసునకు అది యందదు.

ఇది తరగతిగదికి మాత్రమే పరిమితమైన ప్రశ్న కాదు. 2021వ సంవత్సరము ఏప్రిల్, మే నెలలలో కోవిడు వ్యాధి విజృంభించినపుడు దేశమందు పెక్కు కుటుంబములవారు రోగి మంచము ప్రక్కన ఆమ్లజని సిలిండరును నిలుపుకొని, దాని గేజి ముల్లును చూచుచు రాత్రులు గడపిరి. ఆమ్లజని యనగా మనము ప్రాణవాయువని వాడుక చేయునదియే. ఈ సిలిండరు తెల్లవారువరకు వచ్చునా, రాదా? రెండు సిలిండరులున్నచో దేనిలో నెక్కువ యున్నది? ముల్లు సగమునకు దిగినచో వాయువును సగమే మిగిలినదా? ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పుటకు ఉన్నత పాఠశాల విద్యార్థి యెరిగిన గుణకార భాగహారములు చాలును. కావలసినది ఒక్క సూత్రము, దాని నెక్కడ వాడవలెనో, ఎక్కడ వాడరాదో యను వివేకము. ఆ రెంటిని ఈ వ్యాసమున మా శక్తికొలది విశదపరచుదుము.

నాలుగు రాశులు, ఒక సూత్రము

ఒక పాత్రలోని వాయువు స్థితిని తెలుపుటకు నాలుగు రాశులు కలవు. మొదటిది పీడనము, అనగా వాయువు పాత్రగోడలపై చూపు ఒత్తిడి. రెండవది ఘనపరిమాణము, అనగా అది యాక్రమించు చోటు. మూడవది ఉష్ణోగ్రత. నాలుగవది వాయువులోని అణువుల సంఖ్య. మొదటి మూడును కొలతకు అందునవి. నాలుగవది అందనిది. అందెడి మూటినిబట్టి అందని నాలుగవదానిని రాబట్టుటయే మన పని.

ఈ రాశుల సంబంధమును శాస్త్రజ్ఞులు ఒక్కదినమున కనుగొనలేదు. 1662లో ఇంగ్లండుదేశపు రాబర్టు బాయిల్, ఉష్ణోగ్రత మారనపుడు పీడనము రెట్టింపైనచో వాయువు ఘనపరిమాణము సగమగునని ప్రకటించెను. ఫ్రాన్సుదేశమున షార్ల్ 1787 ప్రాంతమున చేసి ప్రకటింపక విడిచిన ప్రయోగములను పేర్కొనుచు, 1802లో గేలుసాక్ ఉష్ణోగ్రత పెరిగినకొలది వాయువులన్నియు ఒకే రీతిగా వ్యాకోచించునని స్థాపించెను. 1811లో ఇటలీదేశీయుడైన అవొగాడ్రో, ఒకే పీడనమున, ఒకే ఉష్ణోగ్రతలో సమానమైన ఘనపరిమాణముగల వాయువులలో, అవి యే వాయువులైనను, అణువుల సంఖ్య సమానముగా నుండునని ప్రతిపాదించెను. 1834లో క్లాపెరాన్ అను ఫ్రెంచి ఇంజనీరు పీడన, ఘనపరిమాణ, ఉష్ణోగ్రతలను ఒకే సమీకరణమున బంధించెను. వీని యన్నిటి సారమే యిప్పుడు ఆదర్శ వాయు సమీకరణమని పిలువబడుచున్నది.

పీడనమును 'పీ' అనియు, ఘనపరిమాణమును 'ఘ' అనియు, వాయువు మోలుల సంఖ్యను 'సం' అనియు, పరమ ఉష్ణోగ్రతను 'ఉ' అనియు, మారని యొక సంఖ్యను 'స్థి' అనియు వ్రాసికొందము. అప్పుడు

పీ × ఘ = సం × స్థి × ఉ

ఇందు రెండు మాటలకు వివరణము కావలెను. మోల్ అనునది డజను వంటి యొక లెక్కమాట. డజనన్న 12 అయినట్లు, మోలన్న ఇంచుమించు 6022 తరువాత 20 సున్నలు చేర్చినంత సంఖ్య. 2019వ సంవత్సరము మే నెలనుండి అంతర్జాతీయ ప్రమాణములలో ఈ సంఖ్య ప్రయోగములచే మారని విధముగా స్థిరపరుపబడినది. ఒక వాయువు అణుభారమెంతయో అన్ని గ్రాముల వాయువులో ఒక మోలు అణువులుండును: ఉదజని 2 గ్రాములు, నత్రజని 28 గ్రాములు, ఆమ్లజని 32 గ్రాములు, బొగ్గుపులుసు వాయువు 44 గ్రాములు.

రెండవ మాట పరమ ఉష్ణోగ్రత. మనము వాడు సెంటిగ్రేడు మానములో సున్న అనునది మంచు కరుగు స్థానము మాత్రమే. వేడిమి బొత్తిగా లేని స్థానము కాదు. నిజమైన సున్న దానికి 273 డిగ్రీలు క్రిందనున్నది. కావున సెంటిగ్రేడు డిగ్రీలకు 273 కూడిన సంఖ్యనే ఈ సమీకరణమున వాడవలెను. 27 డిగ్రీల గది ఉష్ణోగ్రత 300 అగును. విద్యార్థులు ఈ లెక్కలలో చేయు తప్పులలో సగము ఈ 273ను కూడుట మరచుటవలననే కలుగుచుండును. 20 డిగ్రీల గాలిని 40 డిగ్రీలకు వేడిచేసినచో వేడిమి రెట్టింపైనదని భ్రమపడరాదు. 293 అనునది 313 అయినది, అనగా నూటికి ఏడుపాళ్ళు మాత్రమే పెరిగినది.

సున్న డిగ్రీల సెంటిగ్రేడున, సముద్రతీరపు సామాన్య గాలిపీడనమున, ఏ వాయువైనను ఒక మోలు ఇంచుమించు 22.4 లీటరుల చోటు నాక్రమించును. ఆ పీడనమును ఒక వాతావరణము అందురు. దీనినుండి 'స్థి' విలువను ఎవరైనను కట్టుకొనవచ్చును: 22.4ను 273చే భాగించినచో 0.082 వచ్చును. పీడనమును వాతావరణములలోను, ఘనపరిమాణమును లీటరులలోను కొలిచినంతకాలము ఈ విలువ చెల్లును.

ఆవాలు, శనగలు, అణువులు

అవొగాడ్రో చెప్పిన మాట మొదట వినువారికి వింతగా తోచును. సోలెడు ఆవాలలో నున్న గింజలెన్ని, సోలెడు శనగలలో నున్న గింజలెన్ని? ఆ సంఖ్యలు సమానము కానేరవు. అట్టిచో లీటరు ఉదజనిలోను, లీటరు బొగ్గుపులుసు వాయువులోను అణువుల సంఖ్య సమానమెట్లగును?

సోలలో గింజ గింజకు ఆనియుండును. కావున గింజ పరిమాణమే లెక్కను నిర్ణయించును. వాయువులో అణువులు ఒండొంటికి దూరముగా ఎగురుచుండును. మన చుట్టునున్న గాలిలో అణువులు స్వయముగా నాక్రమించు చోటు మొత్తములో వేయింట ఒక పాలైనను ఉండదు, మిగిలినదంతయు శూన్యమే. కావున అణువు చిన్నదా పెద్దదా యనునది లెక్కకు రాదు. ఇక బరువు మాటయేమి? ఒకే ఉష్ణోగ్రతలో బరువైన అణువులు మెల్లగను, తేలికయైనవి వేగముగను సంచరించును. ఆ చలనశక్తి సగటున రెంటికి సమానము. కావున గోడపై కలుగు ఒత్తిడి అణువుల సంఖ్యపై ఆధారపడును గాని వాని జాతిపై ఆధారపడదు.

ఈ సిద్ధాంతము చిరకాలము ఆదరణము లేక పడియుండెను. రెండు పాళ్ళు ఉదజనియు, ఒక పాలు ఆమ్లజనియు కలిసి రెండు పాళ్ళు నీటియావిరి యగునని గేలుసాక్ చూపియుండెను. ఒక పాలు ఆమ్లజనినుండి రెండు పాళ్ళ ఆవిరి పుట్టవలెనన్న ఆమ్లజని అణువు రెండుగా చీలవలెను. అనగా అందు రెండు పరమాణువులుండవలెను. ఒకే జాతి పరమాణువులు రెండు కలిసియుండుననుట ఆనాటి పెద్దలకు సమ్మతము కాలేదు. తుదకు 1860లో జర్మనీదేశపు కార్ల్‌స్రూహె నగరమున జరిగిన రసాయన శాస్త్రజ్ఞుల మహాసభయందు కన్నిజారో అను ఇటలీ పండితుడు ఈ సిద్ధాంతమును సమర్థించి దాని యుపయోగమును స్పష్టపరచెను. అప్పటికి అవొగాడ్రో మరణించి నాలుగేండ్లు గడచినవి.

రెండు వాయువులను పోల్చుట

సమీకరణమును కొంచెము త్రిప్పి వ్రాసినచో మోలుల సంఖ్య పీడన ఘనపరిమాణముల లబ్ధమునకు అనులోమముగను, ఉష్ణోగ్రతకు విలోమముగను ఉండుననుట తెలియును. రెండు పాత్రలలోని వాయురాశులను పోల్చునపుడు 'స్థి' రెండువైపులను సమానమే గనుక కొట్టివేయవచ్చును. కావున ప్రతి పాత్రకును పీడనమును ఘనపరిమాణముచే గుణించి, పరమ ఉష్ణోగ్రతచే భాగింపుడు. ఏ ఫలితము పెద్దదో ఆ పాత్రలో అణువులెక్కువ. రెండును ఒకే గదిలో నున్నచో ఉష్ణోగ్రతను గూడ విడిచివేయవచ్చును. అప్పుడు మిగులునది పీడనము, ఘనపరిమాణముల గుణకారము మాత్రమే.

ఆమ్లజని సిలిండరుల విషయమున దీనిని ప్రయోగించి చూతము. మనదేశమున వైద్యమునకు వాడు చిన్న సిలిండరు, 'బి' రకమని పిలువబడునది, 10 లీటరుల నీరు పట్టునది. పెద్దది, 'డి' రకము, ఇంచుమించు 46.7 లీటరుల నీరు పట్టునది. నింపినపుడు రెంటి పీడనమును సుమారు 150 వాతావరణములుండును. ఒక యింట చిన్న సిలిండరు గేజి 120 చూపుచున్నది. పెద్ద సిలిండరు గేజి 30 చూపుచున్నది. ఎందులో నెక్కువ యున్నది? ముల్లును మాత్రము చూచువాడు చిన్నదానినే కోరుకొనును. లెక్క చూచువాడు 120ని 10చే గుణించి 1200 లీటరులనియు, 30ని 46.7చే గుణించి 1401 లీటరులనియు తెలిసికొనును. పెద్దదానిలోనే యెక్కువ కలదు. నిమిషమునకు 5 లీటరుల చొప్పున వాడినచో చిన్నది 240 నిమిషములు, అనగా 4 గంటలు వచ్చును. పెద్దది 280 నిమిషములు, అనగా 4 గంటల 40 నిమిషములు వచ్చును.

ఇచ్చట ఒక సూక్ష్మము గలదు. గేజి ముల్లు చూపునది బయటి గాలికంటె లోపల ఎంత యెక్కువ పీడనమున్నదో యను భేదమును మాత్రమే. ముల్లు సున్న చూపినను సిలిండరులో ఒక వాతావరణపు వాయువు మిగిలియే యుండును; అది తనంతట బయటికి రాదు. కావున గేజి చూపు సంఖ్యను సిలిండరు ఘనపరిమాణముచే గుణించినచో వచ్చునది బయటికి రాగల వాయువు యొక్క లీటరుల సంఖ్యయే. మోలుల సంఖ్య కావలసినచో మాత్రము గేజి సంఖ్యకు ఒకటి చేర్చి గుణింపవలెను. రోగికి సంబంధించిన విషయములో లెక్కించిన కాలము చివరివరకు వేచియుండరాదు. ముల్లు బాగుగా దిగకమునుపే మరియొక సిలిండరును సిద్ధపరచుకొనవలెను. వాయువును ఎంత వేగముగా ఇయ్యవలెనో నిర్ణయించువాడు వైద్యుడే గాని లెక్క కాదు.

నిండు సిలిండరులో వాయువు బరువెంత? 150ని 10చే గుణించి, 0.082 మరియు 300ల లబ్ధముచే భాగించినచో ఇంచుమించు 61 మోలులు వచ్చును. మోలునకు 32 గ్రాముల చొప్పున అది రెండు కిలోగ్రాములకు కొంచెము తక్కువ. ఇనుప సిలిండరు బరువు దీనికి ఎన్నోరెట్లుండును. అందుచేతనే చేతితో ఎత్తి చూచి సిలిండరు నిండుదో ఒట్టిదో చెప్పుట కష్టము.

ఎండ, ఎత్తు

నీడలో 27 డిగ్రీలవద్ద 150 చూపు సిలిండరును మధ్యాహ్నపు టెండలో నుంచినందున అది 57 డిగ్రీలకు వేడెక్కినదనుకొందము. పరమ ఉష్ణోగ్రత 300నుండి 330కి పెరిగినది. పీడనమును అదే నిష్పత్తిలో 165కు పెరుగును. ముల్లు పైకి పోయినది గాని లోపల ఒక్క అణువైనను చేరలేదు. సాయంకాలము చల్లబడిన పిమ్మట ముల్లు దిగినచో వాయువు కారిపోయినదని భయపడనవసరమును లేదు. రెండు సిలిండరులను పోల్చునపుడు రెంటిని ఒకేచోట కొంతసేపు ఉంచి చూచుట యుత్తమము. సిలిండరుల నెండలో నుంచరాదను నియమమునకు కారణమును ఇందే గలదు.

ఇక ఎత్తు సంగతి. చెన్నపట్టణపు సముద్రతీరమునుండి ఉదకమండలమునకు యాత్రపోయినవారు అచ్చట నాలుగడుగులు ఎక్కగానే ఆయాసపడుట సహజము. ఉదకమండలము ఇంచుమించు 2240 మీటరుల ఎత్తున నున్నది. అచ్చటి గాలిపీడనము సుమారు 0.77 వాతావరణము. చెన్నపట్టణమున 30 డిగ్రీలు, అచ్చట 15 డిగ్రీలు ఉన్నవనుకొందము. ఒకే ఊపిరి, అనగా ఒకే ఘనపరిమాణపు గాలిని పీల్చినచో అణువుల నిష్పత్తి ఎట్లుండును? 0.77ను 303చే గుణించి 288చే భాగించినచో 0.81 వచ్చును. కొండపైన పీల్చిన ప్రతి యూపిరిలోను నూటికి 19 పాళ్ళు అణువులు తక్కువ. ఆమ్లజనియు అంతే తక్కువ. కొండగాలిలో ఆమ్లజని పాలు తగ్గినదని కొందరందురు. అది సరికాదు. గాలిలో ఆమ్లజని పాలు క్రిందను, పైనను నూటికి 21యే. తగ్గినది మొత్తము అణువుల సంఖ్య. చలి గాలిని కొంత దట్టపరచుటచేత లోటు కొంత తగ్గినది; లేకున్న అది 23 పాళ్ళు అయియుండెడిది.

సంఖ్య సమానము, బరువు అసమానము

ఇంతవరకు సంఖ్యను చెప్పితిమి. సంఖ్యయు బరువును ఒకటి కావు. ఒక్కొక్క గ్రాము చొప్పున మూడు వాయువులను తీసికొందము. ఉదజని గ్రాములో అరమోలు గలదు. అది సున్న డిగ్రీలవద్ద 11.2 లీటరుల చోటు నాక్రమించును. ఆమ్లజని గ్రాము 0.7 లీటరు మాత్రమే. బొగ్గుపులుసు వాయువు గ్రాము ఇంచుమించు అరలీటరు. బరువు సమానమైనపుడు సంఖ్య అసమానము. పీడన, ఘనపరిమాణ, ఉష్ణోగ్రతలు సమానమైనపుడు సంఖ్య సమానమై బరువు అసమానము. ఈ భేదమును మనసున నాటుకొన్నవానికి పెక్కు విషయములు తేటపడును.

ఈ భేదమునుబట్టియే ఒక క్రొత్త మూలకము బయటపడినది. 1892లో లార్డు రేలే అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు నత్రజనిని మిక్కిలి జాగ్రత్తతో తూచుచుండెను. గాలినుండి ఆమ్లజని మొదలగువానిని తొలగించి పొందిన నత్రజని లీటరు బరువు 1.2572 గ్రాములు. అమ్మోనియా వంటి రసాయన ద్రవ్యములనుండి పొందిన నత్రజని లీటరు బరువు 1.2505 గ్రాములు. పీడనము, ఉష్ణోగ్రత సమానములు. కావున అణువుల సంఖ్య సమానము. మరి బరువు వేరెట్లైనది? భేదము వేయింట అయిదు పాళ్ళే గాని రేలే దానిని త్రోసివేయలేదు. గాలినుండి తీసిన నత్రజనిలో అంతకంటె బరువైన అణువులు కొన్ని కలిసియుండవలెను. రామ్సే అను రసాయన శాస్త్రజ్ఞుడు ఆ నత్రజనిని కాగిన మెగ్నీషియముపై పలుమారులు నడపి, నత్రజనినంతయు లోహముచే గ్రహింపజేసి, మిగిలిన వాయువును పరీక్షించెను. 1894లో ఇరువురును ఆర్గాన్ అను నూతన మూలకమును ప్రకటించిరి. దాని పరమాణుభారము 40. మన సూత్రముతో సరిచూచినచో, నత్రజని 28కిని ఆర్గాన్ 40కిని గల భేదము 12. పై బరువుల భేదము కలుగవలెనన్న నూటికి ఒక పాలుకు కొంచెము ఎక్కువ ఆర్గాన్ ఉండవలెను. గాలి మొత్తములో దాని పాలు నూటికి 0.93 అని నేడు తెలియును. 1904లో రేలేకు భౌతికశాస్త్రమునను, రామ్సేకు రసాయనశాస్త్రమునను నోబెల్ బహుమానములు లభించినవి.

రామ్సే 1895లో భూమిపై హీలియమును గూడ కనుగొనెను. ఈ హీలియము కథకు తెలుగుదేశముతో సంబంధము కలదు. 1868 ఆగష్టు 18వ తేదీన కలిగిన సంపూర్ణ సూర్యగ్రహణమును ఫ్రెంచి ఖగోళశాస్త్రజ్ఞుడు జాన్సెన్ మన గుంటూరునుండి పరిశీలించి, సూర్యుని అంచున లేచు జ్వాలలు కాగిన వాయువులని వర్ణరేఖలనుబట్టి తెలిసికొనెను. ఆ సంవత్సరముననే ఇంగ్లండులో లాకియర్ ఆ జ్వాలలలోని యొక పసుపురేఖ భూమిపై నెరిగిన యే మూలకమునకును చెందదని గుర్తించెను. దాని మూలకమునకే హీలియమని పేరు వచ్చినది.

బెలూనుల విషయమున హీలియమును ఉదజనిని పోల్చిన వింత యొకటి కనబడును. హీలియము ఉదజనికంటె రెట్టింపు బరువు; కావున సగమే ఎత్తగలదని తోచును. కాని బెలూనును ఎత్తునది దాని లోపలి వాయువునకును బయటి గాలికిని గల బరువుల భేదము. గాలి సగటు అణుభారము 29. ఉదజనికి భేదము 27, హీలియమునకు 25. కావున హీలియము ఎత్తుశక్తి ఉదజని శక్తిలో నూటికి 93 పాళ్ళు. పైగా హీలియము మండదు. ఉదజని నింపిన హిండెన్‌బర్గ్ విమానము 1937 మే 6వ తేదీన అమెరికాలో మండి కూలినది. తిరునాళ్ళలోను జన్మదినోత్సవములలోను బాలురు పట్టుకొను ఎగురు బెలూనులలో ఉదజని యుండిన యుండవచ్చును. వానిని దీపములకును, కొవ్వొత్తులకును దూరముగా నుంచవలెను.

నుయ్యి, వంటగది

ఒకే పీడనమున, ఒకే ఉష్ణోగ్రతలో వాయువు సాంద్రత అణుభారమునుబట్టి యుండుననుట పై దానినుండి తేలును. గాలికి 29, బొగ్గుపులుసు వాయువునకు 44, మురుగుగుంటలలో పుట్టు దుర్గంధపు గంధకోదజని వాయువునకు 34. ఈ రెండును గాలికంటె బరువైనవి. గాలి కదలని పాడునూతులలోను, ధాన్యపు పాతరలలోను, మురుగుగుంటలలోను అవి అడుగున నిలిచియుండును. పైనుండి చూచువానికి ఏమియు కనబడదు. దిగినవాడు సొమ్మసిల్లి పడును; వాని నెత్తుటకు దిగిన రెండవవాడును పడును. ఇట్టి మరణములు నేటికిని వార్తాపత్రికలలో కనబడుచునే యున్నవి. దీపమును దింపి చూచుట పూర్వాచారము. దీపము ఆరినచో అపాయము నిశ్చయము. కాని దీపము వెలిగినంతమాత్రమున క్షేమమని చెప్పరాదు. విషవాయువు కొలదిగా నున్నను దీపము వెలుగుచునే యుండవచ్చును; మండు వాయువున్నచో దీపమే ప్రేలుటకు కారణము కావచ్చును. గాలిని బాగుగా ప్రసరింపజేసి, తగిన పరికరములతో పరీక్షించి, నేర్పరులు మాత్రమే దిగవలెను. శ్వాసపరికరము లేనివాడు పడినవానిని కాపాడుటకై దిగరాదు.

వంటగదిలోని గ్యాసు ప్రొపేను, బ్యూటేనుల మిశ్రమము. వాని అణుభారములు 44, 58. అనగా అదియు గాలికంటె బరువైనదే. కారినచో పైకి పోక నేలబారున వ్యాపించును. వాసన తగిలినచో నిప్పు వెలిగింపరాదు, విద్యుత్తు మీటలను ముట్టరాదు. రెగ్యులేటరును కట్టివేసి, కిటికీలతోపాటు తలుపులను గూడ తెరువవలెను. నేలబారునున్న వాయువు గడపదాటి పోవుటకు తలుపే మార్గము.

సూత్రము చెల్లని చోటు

ఏ సూత్రమునకైనను ఎల్ల గలదు. వంటగ్యాసు సిలిండరుకు గేజి తగిలించి ఎంత మిగిలినదో చూడవచ్చునా? చూడరాదు. అందున్నది ద్రవము. వాయువు వాడినకొలది ద్రవము ఆవిరియై దాని చోటును నింపుచుండును. ద్రవము మిగిలియున్నంతకాలము, ఉష్ణోగ్రత మారనిచో, పీడనము దాదాపు మారదు. నిండు సిలిండరును, ముప్పాతిక ఖాళీయైనదియు ఒకే పీడనము చూపును. దీనికి తూనికయే సాధనము. సిలిండరుపై వ్రాసియున్న ఖాళీబరువును మొత్తము బరువునుండి తీసివేసినచో మిగులునదే గ్యాసు. నిండు గృహ సిలిండరులో అది 14.2 కిలోగ్రాములుండవలెను.

ఆమ్లజని వంటి వాయువులకైనను మిక్కుటమైన పీడనమున సూత్రము కొంచెము తప్పును. అణువులు దగ్గరపడినపుడు వాని పరస్పరాకర్షణము, వాని స్వంతపు పరిమాణము లెక్కకు వచ్చును. హాలండుదేశపు వాన్‌డర్‌వాల్స్ 1873లో ఈ రెంటికిని సవరణలు చూపెను. 150 వాతావరణములవద్ద ఆమ్లజనికి ఈ తేడా నూటికి కొలది పాళ్ళే గనుక మన గృహావసరములకు సామాన్య సూత్రమే చాలును.

విద్యార్థులు స్వయముగా చేసి చూచుటకు రెండు లెక్కలు చెప్పి ముగింతుము. 46.7 లీటరుల సిలిండరు గేజి 60 చూపుచున్నది. నిమిషమునకు 10 లీటరుల చొప్పున వాడినచో ఎంతకాలము వచ్చును? ఒక గ్రాము ఉదజనిలోను, 14 గ్రాముల నత్రజనిలోను అణువులు దేనిలో నెక్కువ? మొదటిదానికి సమాధానము 280 నిమిషములు. రెండవదానికి సమాధానము రెంటిలోను సమానమని. ఎట్లు వచ్చినదో చదువరులు కాగితముపై వ్రాసి చూతురుగాక. ఇంట ఎవరైనను సిలిండరు ముల్లును చూచి కలవరపడు సమయము వచ్చినచో, ప్రక్కన కూర్చుండి ఈ చిన్న గుణకారమును చేసి చెప్పగల విద్యార్థి ఆ యింటివారికి నిజమైన సహాయము చేసినవాడగును.